గుమ్మం దాటని బల్ల

మా మామగారి కొలత జీవితంలో ఒకే ఒక్కసారి తప్పింది. ఆ తప్పు మీద కూర్చుని ప్రార్థించినవారిలో కొందరు ఇప్పుడు ప్రభువు సన్నిధిలో ఉన్నారు. మిగిలినవారిలో నేనొకతెను.

ఆయన వడ్రంగి. మాట పొదుపు, పని నిదానం. మంచం కావాలని వచ్చినా, బీరువా కావాలని వచ్చినా, ముందుగా వచ్చినవారి ఇంటికి వెళ్ళి గుమ్మం చూసేవారు. గుమ్మమూ, దాని ముందరి నడవా, నడవలో మలుపూ చూసి, నడుముకు చుట్టుకున్న నూలుతాడు విప్పి కొలిచి, ఆ దారిన ఎంత పొడుగు సామాను తిరుగుతుందో తేల్చుకుని తాడుకు ఒక ముడి వేసేవారు. ఆ ముడి పడిన తరువాతనే కర్ర మీద గీత పడేది. "ముందు గుమ్మం, తర్వాత సామాను" అన్నది ఆయనకు వేదవాక్కు. ఆ ముడిని వెంట్రుకవాసి దాటి ఆయన రంపం నడిచిన దాఖలా లేదు.

అదే వీధి చివర మరొక మేస్త్రి ఉండేవాడు. ఒకప్పుడు ఆ మేస్త్రి చేసిన బీరువా ఒకటి కొన్నవారి గుమ్మంలో పట్టక, వరండాలోనే నిలిచిపోయింది. ఆ ఇంటివారు దానిలో చెప్పులు పెట్టుకుంటున్నారని వినికిడి. ఆనాటి నుంచి మామగారు ఆయనను "బీరువా మేస్త్రి" అన్నారు, ఊరంతా అదే పేరు ఖాయం చేసింది. నవ్వడానికి కూడా పొదుపు పాటించే మామగారు ఆ ఒక్క కథ చెప్పేటప్పుడు మాత్రం పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వేవారు.

నేను ఆ ఇంటికి కోడలినై వచ్చింది వానాకాలం తొలి జల్లులతోనే. మా నాన్నగారు బడిపంతులు. పుట్టింట పొద్దు పద్యంతో మొదలై ప్రార్థనతో ముగిసేది. నా పెట్టెలో చీరల మడతల నడుమ లేఖన గ్రంథం ఒకటి, ఛందస్సు పుస్తకం ఒకటి ఉండేవి. అత్తగారు అప్పుడే పెద్దజబ్బు చేసి ఆసుపత్రి నుంచి ఇల్లు చేరారు. జబ్బు పోయింది గాని వెళ్ళేటప్పుడు ఆమె మాటనూ నవ్వునూ వెంటపెట్టుకుని పోయినట్టుంది. కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తూ ఉండేవారు. మామగారు పని మధ్యలో వచ్చి, గడపలో నిలబడి, ఆమె వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయేవారు.

ఒకనాడు ఆమె ఉన్నట్టుండి నన్ను పిలిచారు.

"అమ్మాయ్, నీ పెట్టెలో ఆ లావుపాటి పుస్తకం ఏంటి?"

"లేఖనాలు అత్తయ్యా."

"చదువుతావా, దాచుకోవడానికి తెచ్చుకున్నావా?"

"చదువుతాను అత్తయ్యా."

"అయితే ఆదివారం ఆ ఆసుపత్రి ఆయాని రమ్మంటాను. నేను మంచంలో ఉన్నన్నాళ్ళూ పక్కన కూర్చుని పాడేది. దానికి పాట వచ్చు, చదువు రాదు. నీకు చదువు వచ్చు. నాకు రెండూ రావు, నేను వింటాను. ముగ్గురికీ పని దొరికింది."

మా సంఘస్థాపన ఇంతే. శంకుస్థాపన లేదు, శిలాఫలకం లేదు. దుకాణం వెనక కలప దాచుకునే గది వానాకాలంలో సగం ఖాళీగా ఉండేది. ఒక మూల చెక్కలు, ఒక మూల పొట్టు బస్తాలు. పచ్చికర్ర వాసన. గదికీ, మామగారు పనిచేసే చోటికీ మధ్య పలకల అడ్డు ఒక్కటే. ఆదివారమైనా ఆయన పని ఆగేది కాదు. మొదటి కూడికనాడు ఆయా కీర్తన అందుకోగానే అవతల సుత్తి మొదలైంది. ఆమె గొంతు పెంచింది, సుత్తీ పెరిగింది.

"ఏమండీ! ఇక్కడ ప్రార్థన చేసుకుంటున్నాం" అని కేకవేశారు అత్తగారు.

"నేను వద్దన్నానా? మీ పని మీరు చేసుకోండి, నా పని నేను చేసుకుంటాను" అని వినిపించింది అవతలి నుంచి. ఆయనకు భక్తి మీద ద్వేషమేమీ లేదు. చేతికి అందని వస్తువు మీద ఆయనకు ఆసక్తి లేదు, అంతే.

రెండవ ఆదివారం మేము ముగ్గురం ఉండగానే నిలువునా తడిసిన బస్సు కండక్టరు ఒకాయన చూరు కిందికి వచ్చాడు. "వాన తగ్గేదాకా నిలబడతానమ్మా" అన్నాడు. లోపలికి రమ్మన్నాం. పాట విన్నాడు. తనకూ ఒక చరణం వచ్చునంటూ అందుకున్నాడు. అయ్యో, ఆ గొంతు! స్టేజీ స్టేజీకీ ఊళ్ళ పేర్లు అరిచి అరిచి రాటుదేలిన గొంతు అది. గదిలో చెక్కలు కదిలాయేమో అనుకున్నాను.

ఆయా ఆగలేక, "అన్నా, ప్రభువు బస్సు వెనక పరిగెత్తుకుంటూ రావడం లేదు, ఇక్కడే కూర్చున్నాడు. కాస్త మెల్లగా పాడు" అంది.

కండక్టరు తడుముకోకుండా, "ఎక్కాడో లేదో తెలియకుండా రైట్ ఎలా చెప్పను?" అన్నాడు.

అప్పుడు అత్తగారు నవ్వారు. చిన్న నవ్వు కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు, దగ్గుతో కలిసి, కన్నీళ్ళతో కలిసి, ఎన్నాళ్ళుగానో లోపల నిలువ ఉన్న నవ్వు. అవతల సుత్తి చప్పుడు ఆగింది. మళ్ళీ చాలాసేపటి వరకు మొదలు కాలేదు.

సాయంత్రం టీ ఇవ్వడానికి వెళితే, మామగారు చేతిలోని చిత్రిక మీద పొట్టు ఊదుతూ, నా వైపు చూడకుండానే అడిగారు.

"ఇందాక నవ్వింది మీ అత్తయ్యేనా?"

"అవును మామయ్యా."

"ఊఁ" అన్నారు. అంతే. టీ చల్లారేదాకా ఆ గ్లాసును చేతిలోనే పట్టుకున్నారు.

వాన ముదిరింది, కూడికా ముదిరింది. కండక్టరు తన మాట వినే డ్రైవరును తెచ్చాడు. ఆయా వెంట రొట్టెల బట్టీలో పనిచేసే ఆవిడ వచ్చింది. ఎంత కడుక్కున్నా ఆమె మోచేతుల వరకు పిండి తెలుపు వదలేది కాదు. "దేవదూతలకు కూడా ఇంత తెలుపు ఉండదు, నువ్వు ముందు వరుసలో కూర్చో" అనేవారు అత్తగారు. గడియారాలు బాగుచేసే తాత ఒకాయన చేరాడు. ఆయన వచ్చేసరికి ఎప్పుడూ చివరి ప్రార్థన నడుస్తూ ఉండేది. గడియారాలవాడివై ఉండి ఆలస్యమేమిటని అడిగితే, "నా దుకాణంలో ఉన్నవన్నీ చెడిపోయినవేనమ్మా, వాటిలో దేన్ని నమ్మి రమ్మంటావు?" అనేవాడు.

కూర్చునే చోటే కరువు. అందువల్ల మాలో ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరి ఆసనం వారే తెచ్చుకోవాలి. కండక్టరు తన టికెట్ల పెట్టె మీద, ఆయా బోర్లించిన బకెట్టు మీద, బట్టీ ఆవిడ మడత పెట్టిన గోనెసంచి మీద, తాత మూడు కాళ్ళు మాత్రం మిగిలిన ముక్కాలిపీట మీద కూర్చునేవారు. నాలుగో కాలు స్థానంలో ఆయన తన కాలే వాడేవాడు. దారిలో బకెట్టు పట్టుకుని పోయే మనిషిని చూసి, "నీళ్ళకా, ప్రార్థనకా?" అని వీధివారు అడగడం మొదలుపెట్టారు.

అందరి నోటా ఇమిడే పాట ఒకటి కావాలని అత్తగారు నన్ను పోరారు. నేను కష్టపడి ఒక సీసపద్యం అల్లి వినిపించాను. అందరూ భక్తితో తల వంచారు. అది అర్థమైనందుకు కాదని తలలు ఎత్తినప్పుడు తెలిసింది. "బాగుందమ్మా, ఎవరి మీద?" అని అడిగాడు తాత. అహం దిగింది. ఈసారి చీపురు పట్టి ఇల్లూడుస్తూ ఆ ఊపుకు తగినట్టు ద్విపదలో నాలుగు పాదాలు కట్టాను.

చోటు లేనట్టి మా చోటున నిలిచి
పాట రానట్టి మా పలుకున నిండి
కూటమైయున్న మా కొరతలు తీర్చు
మాట నీదే కదా మనసుల రాజ

ఇది వెంటనే అతికింది. కండక్టరు రెండు స్టేజీల మధ్య పాడుకునేవాడు. బట్టీ ఆవిడ పిండి మర్దించేటప్పుడు పాడేది. చిత్రమేమంటే, మేము దానిని పాడే ఆదివారాల్లో పలకల అవతలి సుత్తి మొదట అడ్డదిడ్డంగా పడి, తరువాత తడబడి, చివరకు పాదానికి నాలుగు దెబ్బలుగా గణం గణానికీ ఒకటి చొప్పున పడసాగింది. ఛందస్సు చదివిన నేను యతి దగ్గర ఒక లిప్త వెనకబడేదాన్ని గాని ఆ సుత్తి వెనకబడేది కాదు.

"వింటున్నావా?" అన్నట్టు కళ్ళతో అడిగారు అత్తగారు. నేను తల ఊపాను. ఇద్దరం ఏమీ అనలేదు. లేగదూడ దగ్గరకు వస్తుంటే ఎవరైనా అరుస్తారా?

వానలు సన్నగిల్లే రోజుల్లో చినమామగారు వచ్చారు. మామగారి తమ్ముడు. బజారులో కుర్చీలూ బల్లలూ అమ్మే దుకాణం ఆయనది. మనిషి ఎత్తు, గొంతు అంతకంటే ఎత్తు, మనసు మంచిది, తొందర ఎక్కువ. ఇల్లు అన్నదమ్ములిద్దరిది. తండ్రి పోయిన తరువాత తమ్ముణ్ణి మామగారే చేతుల మీద పెంచారు. అడిగినది లేదనడం ఆయనకు అలవాటు లేదు.

గొడుగు విదిలించి, గుమ్మంలోనే మొదలుపెట్టారు.

"అన్నయ్యా, వెనక కలప గది నాకు కావాలి. రంగుల వ్యాపారి డబ్బాలు పెట్టుకోవడానికి అడిగాడు. వానలు వెలవగానే ఇస్తానని మాటిచ్చేశాను."

"ఇచ్చేశావా?"

"నువ్వు కాదనవని తెలుసు కదా!"

మామగారు చేతిలోని ఉలి అంచును బొటనవేలితో చూసుకున్నారు. "సరే" అన్నారు.

టీ గ్లాసులతో వస్తున్న అత్తగారు అక్కడే ఆగారు. "మరి ఆదివారం కూడిక, నాయనా?"

"వదినా, దేవుడు అంతటా ఉంటాడంటారు మీరే. ఆ గదిలోనే ఉండాలా?"

"దేవుడు అంతటా ఉంటాడు నాయనా. మేమే ఎక్కడో ఒకచోట ఉండాలి."

చినమామగారు పెద్దగా నవ్వి, వదిన చేతిలో గ్లాసు అందుకుని, "ఎవరింట్లోనైనా పెట్టుకోండి వదినా, మీవాళ్ళు అంతమంది ఉన్నారు కదా" అన్నారు.

ఉన్నారు గాని ఇళ్ళు లేవు. ఆయాది ఆసుపత్రి వెనక నలుగురు పడుకునే గది. కండక్టరూ డ్రైవరూ డిపోలో తలదాచుకునేవారు. బట్టీ ఆవిడ బట్టీ పక్కనే నడుం వాల్చేది. తాత తన దుకాణంలో బల్ల కింద పడుకునేవాడు. ఒక్కొక్కరినీ అడిగి అందరి గూళ్ళూ లెక్కపెట్టుకున్నాం. గది పోతే కూడిక పోయినట్టే. ఆదివారం కబురు చెప్పినప్పుడు కండక్టరు సైతం గొంతు తగ్గించి పాడాడు. దానంత దిగులు గొలిపినది మరొకటి లేదు. ఆ వారమంతా అత్తగారు మళ్ళీ కిటికీ దగ్గర కూర్చున్నారు.

మామగారు అది చూశారు. గడపలో నిలబడి, ఎప్పటిలాగే, వెనక్కి తిరిగి పనిలోకి వెళ్ళిపోయారు.

మరునాడు ఆయన కలప కోసం కాకుండా మొదటిసారిగా కూడిక గదిలోకి వచ్చారు. బోర్లించిన బకెట్టునూ, మూడుకాళ్ళ పీటనూ కాలితో కదిపి చూశారు.

"వడ్రంగి ఇంట్లో జనం బకెట్ల మీద కూర్చుంటున్నారంటే తలవంపులు. ఉన్న నాలుగు రోజులైనా బల్ల మీద కూర్చోండి."

"నాలుగు రోజుల భాగ్యానికి బల్లెందుకండీ?" అన్నారు అత్తగారు నీరసంగా.

మామగారు మా ఆయనను పిలిచి, అటక మీది టేకుపలకను దింపించారు. దాని సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఏ కాలంనాటిదో, ముడి అన్నది లేని ఒకే కర్ర, తేనెరంగు. చినమామగారు ఎన్నిసార్లు అడిగినా, "చూద్దాం, దీని పని ఇంకా రాలేదు" అనేవారు మామగారు. ఆయన భాషలో కాదనడానికి అంతకంటే గట్టిమాట లేదు. ఆ పలకను ఏటవాలుగా ఎత్తి, నడవ మలుపులో ఒక కొస పైకి లేపి, ఒడుపుగా గదిలోకి చేర్చారు. బయట జల్లు పడుతోంది గనక పని అక్కడే చేస్తానన్నారు.

సాయంకాలం మబ్బు కమ్మి గదిలో మసక పడితే దీపం పట్టుకుని వెళ్ళాను. మామగారు తాడు విప్పి గుమ్మం కొలుస్తున్నారు. తరువాత నడవ. తరువాత మలుపు. ఎప్పటి పద్ధతే. ముడి వేశారు. ఆ తాడును పలక మీద పరిచి, ముడి పడిన చోట రంపం ఆనించారు. ముడికి అవతల పలక ఇంకా చాలా ఉంది, ఇద్దరు మనుషులు సుఖంగా కూర్చునేంత.

రంపం కదలలేదు. ఆయన తల పక్కకు వాల్చి ఏదో వింటున్నట్టు ఉండిపోయారు. వినడానికి ఏముంది? ఇంట్లో నిశ్శబ్దం తప్ప. అప్పుడు రంపాన్ని తీసి గోడ కొక్కేనికి తగిలించారు. పలకను పలకలాగే ఉంచి కాళ్ళ చోట్లకు గీతలు గీయసాగారు.

"మామయ్యా, ముడి ఇక్కడ..." అన్నాను.

"దీపం సరిగా ఆనడం లేదమ్మా. ముసలి కళ్ళు" అన్నారు.

దీపం ఆయన ముక్కు దగ్గరే ఉంది.

కాళ్ళు మేకులతో బిగిస్తే ఊడదీయవచ్చు. ఆయన మేకులు వాడలేదు. కాళ్ళనూ, వెనక ఆనుకునే వీపుపలకనూ తొలిచిన రంధ్రాల్లోకి దించి, కొయ్యచీలలు దిగగొట్టి, జిగురు పోశారు. అటువంటి కాలు విడిపోవాలంటే రంపమే గతి. పని ముగిశాక బల్ల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, గది దానికోసమే కట్టినట్టుగా ఒదిగింది. కండక్టరు దానిని చూసి, "ఇది బల్ల కాదు పెద్దమ్మా, బస్సు!" అన్నాడు.

వానలు తెరిపి ఇచ్చాయి. చెప్పిన మాట ప్రకారం చినమామగారు తోపుడుబండితో, ఇద్దరు మనుషులతో వచ్చారు. మేము మా బకెట్లూ పీటలూ ముందే సర్ది ఉంచాం. చెక్కలు బయటికి వెళ్ళాయి, పొట్టు బస్తాలు వెళ్ళాయి. చివరికి బల్ల వంతు వచ్చింది.

అడ్డంగా ఎత్తారు. గుమ్మం ఒప్పుకోలేదు. నిలువుగా ఎత్తారు, పైకప్పు తగిలింది. ఏటవాలుగా తిప్పారు, ఒక కాలు నడవలోకి వెళ్ళి గోడకు తన్నింది, వీపుపలక ద్వారబంధానికి అడ్డం పడింది. కాళ్ళు పైకి పెట్టి చూశారు, వెనక్కి తిప్పి చూశారు. కూలీలలో ఒకడు గదిలో చిక్కుకుపోయి, రెండోవాడు నడవలో చిక్కుకుపోయి, మధ్యలో బల్ల మాత్రం కులాసాగా ఉంది.

"అన్నయ్యా! ఇది లోపలికి ఎలా వెళ్ళింది?"

"పలకగా వెళ్ళింది. బల్లగా రావడం లేదు."

"ఊరందరి గుమ్మాలూ కొలిచే నువ్వు, నీ ఇంటి గుమ్మం కొలవలేదా?"

"కొలిచాను" అన్నారు మామగారు. "కొలత తప్పింది."

చినమామగారు నోరు తెరిచి అన్నను చూశారు. పొద్దు పడమట పొడిచిందని చెప్పినా అంతగా ఆశ్చర్యపోయేవారు కారు. తేరుకుని, "పోనీలే, మధ్యకు కోసేస్తే రెండు బల్లలవుతాయి. కోసెయ్యి" అన్నారు.

మామగారు కొక్కేనికి ఉన్న రంపం తీసి, పిడి తమ్ముడి వైపు ఉండేలా చాపారు. "నా చేత్తో చేసినదాన్ని నేను కోయలేను. గది నీది కూడా. నువ్వు కోసుకో."

చినమామగారు రంపం అందుకున్నారు. బల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ అరచేతిని పలక మీద ఆనించి, ఎక్కడ కోయాలా అని పొడుగునా నిమురుతూ పోయారు. కర్ర అమ్మి బతికే మనిషి ఆయన. ముడి లేని ఆ తేనెరంగు మీద చెయ్యి నడుస్తుంటే ఆయన మొహం మారడం అందరం చూశాం. అత్తగారు నా వేళ్ళు గట్టిగా పట్టుకున్నారు. చెయ్యి ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళింది. తిరిగి వచ్చింది.

"దీని మీద రంపం పెడితే చేతులు పడిపోతాయి" అని గొణిగి, ఆయన దాని మీదనే చతికిలబడ్డారు. "ఆ రంగులాయనకు ఏం చెప్పను?"

"మా అన్న కొలత తప్పాడని చెప్పు."

"ఊరంతా నవ్వుతుంది అన్నయ్యా. ఆ బీరువా మేస్త్రి అయితే పండగ చేసుకుంటాడు."

మామగారు కిటికీ వైపు చూశారు. అత్తగారు ఆ వారమంతా కూర్చున్న కిటికీ అది కాదు, వేరే కిటికీ. అయినా అటే చూస్తూ అన్నారు.

"నవ్వనీ."

నవ్వింది. ఊరు కడుపారా నవ్వింది. గుమ్మాల మేస్త్రి ఇంట గుమ్మం దాటని బల్ల ఉందట అని వీధి వీధీ చెప్పుకుంది. చూడటానికి జనం రాసాగారు. వచ్చినవారు ఊరికే చూసిపోతారా? కూర్చుని చూశారు. కొందరు ఆదివారం వచ్చి కూర్చున్నారు. కూర్చున్నాక పాట వినకుండా లేస్తే బాగుండదని విన్నారు. విన్నవారిలో కొందరు మరుసటి వారం కూడా వచ్చారు. ఈసారి బల్ల చూడటానికి కాదు. చినమామగారు తప్ప ఎవరూ ఆశ్చర్యపోని విషయమేమంటే, రంగుల వ్యాపారి భార్య కూడా వచ్చింది.

బీరువా మేస్త్రి మాత్రం పనిగట్టుకుని వచ్చాడు. ముందే నవ్వు సిద్ధం చేసుకుని, మీసం సర్దుకుని, గదిలో అడుగుపెట్టాడు. బల్ల చుట్టూ తిరిగాడు. వంగి చీలలు చూశాడు. నడవలోకి వెళ్ళి మలుపును చూశాడు. మళ్ళీ వచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ మామగారి నడుమునున్న నూలుతాడు వైపు, దానికి ఇంకా ఉన్న ముడి వైపు చూశాడు. ఆయనా వడ్రంగే గదా. సిద్ధం చేసుకున్న నవ్వు ఎక్కడో జారిపోయింది.

"మేస్త్రీ" అన్నాడు మెల్లగా, "ఇలాంటి తప్పు చెయ్యడం నాకు చేతకాదు."

"కూర్చో మేస్త్రీ" అన్నారు మామగారు. బీరువా అన్న మాట ఆయన నోట మరి రాలేదు.

ఆ సాయంత్రం అత్తగారూ నేనూ గది ఊడుస్తున్నాం. ఆమె బల్ల కింద చీపురు పోనిస్తూ, తన ధ్యాసలో తానున్నట్టు అన్నారు.

"కాపురానికి వచ్చినప్పటి నుంచి చూస్తున్నా, ఆయన కొలత తప్పడం నేనెరగను. దీపం నువ్వే పట్టావట కదా. నీకేమైనా కనిపించిందా?"

"దీపం సరిగా ఆనలేదు అత్తయ్యా."

ఆమె నా మొహంలోకి చూశారు. నేను చీపురు వైపు చూశాను. తరువాత ఇద్దరం ఆ బల్ల మీద కూలబడి, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని, పొట్టలు పట్టుకుని నవ్వాం. అవతల చిత్రిక చప్పుడు ఆగింది. కాసేపటికి, ఎంతో తృప్తిగా, మళ్ళీ మొదలైంది.

వానాకాలం చివరి ఆదివారం. కడపటి జల్లు ఒకటి కురిసి పోతోంది. బల్ల కొస నుంచి కొసకు నిండింది. మిగిలినవారు మళ్ళీ బకెట్లు తెచ్చుకోవలసి వచ్చింది. తాత సైతం మొదటి ప్రార్థనకే వచ్చాడు. ఆలస్యంగా వస్తే బల్ల మీద చోటు దొరకదని భయం. నేను వాక్యం చదివి పుస్తకం మూశాను. ఆయా ద్విపద అందుకుంది. మొదటి పాదం అయింది, రెండవది అయింది. ఏదో వెలితి. అవతలి సుత్తి లేదు.

తల తిప్పి చూస్తే మామగారు గుమ్మంలో ఉన్నారు. చేతులు కడుక్కుని వచ్చారు. చొక్కా మీద పొట్టు మాత్రం అలాగే ఉంది. పాట ఆగిపోయింది. ఆయన ఇబ్బందిగా బల్ల వైపు వేలు చూపారు.

"కాలు ఏమైనా ఊగుతోందేమో చూద్దామని వచ్చాను."

 కండక్టరు లేచి నిలబడి, చెయ్యి ఊపి, తన బస్సు గొంతుతో, చెక్కలు కదిలేలా కేకవేశాడు.

"జరగండి, జరగండి! లోపలికి జరగండి! ఇంకొకరికి చోటుంది!"

ఆ కొసనున్న డ్రైవరు జరిగాడు. తాత జరిగాడు. వీధి చివరి మేస్త్రి జరిగాడు. బట్టీ ఆవిడ జరిగింది. అలా జరిగి జరిగి, అత్తగారి పక్కన ఒక మనిషికి చోటు ఏర్పడింది. ఆయన ఒంగి ఒక కాలు తట్టి చూశారు, రెండవది తట్టి చూశారు. ఊగడం లేదు. ఊగదని ఆయనకు తెలుసు. కూర్చున్నారు. కూర్చుని చివరి ఆమేన్ దాకా లేవలేదు. మళ్ళీ పాట మొదలైనప్పుడు, బల్ల అంచు మీద ఆయన వేళ్ళు గణం గణానికీ ఒక దెబ్బ వేస్తున్నాయి. అత్తగారు పాడటం మానేసి అవే వింటున్నారు.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. ఆ బల్ల నేటికీ అక్కడే ఉంది. దాని మీద మా పిల్లలు కూర్చున్నారు, వారి పిల్లలు కూర్చున్నారు. చోటు చాలనప్పుడల్లా మేస్త్రీలిద్దరూ కలిసి పలుగు పట్టారు. బల్ల మాత్రం ఎన్నడూ కదలలేదు. గోడలే జరిగాయి.